డ్రాయింగు చదివే కన్ను, దారి తప్పే కాలు



శ్రీకాకుళం, విజయనగరం వైపు ఏ ఊరికి వెళ్లినా ఒక మాట చెవిన పడుతుంది. "మా పెదనాన్న భిలాయ్‌లో రిటైరయ్యాడు." "మా బావ ఇంకా భిలాయ్‌లోనే ఉన్నాడు." ఉక్కు కర్మాగారం కట్టే రోజుల్లో మనవాళ్లు ఎందరో అక్కడికి తరలివెళ్లారు. 1959 ఫిబ్రవరిలో అక్కడ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైంది. వెళ్లినవాళ్లు అక్కడే స్థిరపడ్డారు, పిల్లల పెళ్లిళ్లు చేశారు, మనవల్ని ఎత్తుకున్నారు.

ఆ భిలాయ్‌ని ఆనుకునే జాముల్ ఉంది. ముంబై నుంచి హౌరా వెళ్లే రైలు మార్గానికి దక్షిణాన భిలాయ్ సెక్టార్లు, ఉక్కు కర్మాగారం. ఉత్తరాన జాముల్. పవర్ హౌస్ రైల్వే స్టేషన్ దగ్గర నందిని రోడ్డు పట్టుకుంటే అక్కడికి చేరతాం. 1965 నుంచి జాముల్‌లో సిమెంటు ఫ్యాక్టరీ ఉంది. భిలాయ్ ఫర్నేసుల్లో ఇనుము కరిగించాక మిగిలే స్లాగు ఈ సిమెంటులో కలుస్తుంది. ఈ రెండు పెద్ద ఫ్యాక్టరీల నీడన చిన్న చిన్న ఫ్యాబ్రికేషన్ షాపులు వెలిశాయి. డక్టులు, హాపర్లు, చిమ్నీ ముక్కలు, నిచ్చెనలు అన్నీ అక్కడే తయారవుతాయి. డ్రాయింగులు చూసే పనిలో నేను ఆ షాపుల మధ్య చాలాకాలం గడిపాను. ఈరోజు మీకు చెప్పదలచుకున్న మాట నాకు అక్కడే తట్టింది.

ఆ షాపుల్లో మార్కర్ అని ఒక పనివాడు ఉంటాడు. ఇంజనీరు గీసిన డ్రాయింగును చూసి, ఇనప ప్లేటు మీద ఎక్కడ కోయాలో, ఎక్కడ వంచాలో గీతలు పెట్టేవాడే మార్కర్. నేనెరిగిన ఒక మార్కర్ ఉన్నాడు. మన వైపువాడే, ఉత్తరాంధ్ర మనిషి. ఆయన పని చేస్తుంటే చుట్టూ నలుగురు నిలబడి చూసేవారు.

ఒక డక్టు ఊహించుకోండి. కింద నోరు చదరంగా ఉంటుంది. పైన నోరు గుండ్రంగా ఉంటుంది. మధ్యలో చదరం మెల్లమెల్లగా గుండ్రంగా మారాలి. షాపులో దీన్ని స్క్వేర్ టు రౌండ్ అంటారు. దాన్ని చదునుగా ఉన్న ప్లేటులోంచి తీయాలి. ఎలా తీస్తాడు? ముందు చదరం గీస్తాడు. దాని మధ్యలో వృత్తం గీస్తాడు. వృత్తాన్ని పన్నెండు భాగాలు చేస్తాడు. చదరం ఒక్కో మూల నుంచి వృత్తం మీది నాలుగు చుక్కలకు గీతలు కలుపుతాడు. ఇక్కడే ఉంది అసలు సంగతి. కాగితం మీద కనిపించే ఆ గీత పొడవు నిజమైన పొడవు కాదు. డక్టుకి ఎత్తు ఉంది కదా, ఆ గీత నిజానికి ఏటవాలుగా పైకి పోతోంది. అందుకని పక్కన గునియా పెట్టి, ఎత్తు ఒక భుజంగా, కాగితం మీది పొడవు ఇంకో భుజంగా త్రిభుజం గీసి, ఏటవాలు గీతను కొలుచుకుంటాడు. ఆ కొలతలతో కంపాసు తిప్పుతూ, ప్లేటు మీద త్రిభుజం పక్కన త్రిభుజం పరుస్తాడు. సెంటర్ పంచ్‌తో చుక్కలు కొడతాడు. కోసి, ప్రెస్సులో వంచి, రెండు సగాలు కలిపి వెల్డింగ్ చేస్తే పైన గుండ్రం, కింద చదరం. పై ఫ్లాంజి బోల్టు రంధ్రాలు సరిగ్గా కూర్చుంటాయి.

ఈ పద్ధతి పుస్తకాల్లో ఉంది. ఐటీఐలో నేర్పుతారు. కానీ ఈ మార్కర్ గీతలు మొదలుపెట్టకముందే చెప్పేవాడు. "ఈ మూల దగ్గర వెల్డింగ్ టార్చి పట్టదు, అతుకు అటువైపు పెడదాం." ఇంకా పుట్టని డక్టు ఆయన కళ్ల ముందు నిలబడి ఉండేది. దాన్ని మనసులోనే తిప్పేవాడు, తలకిందులు చేసేవాడు, లోపలికి తొంగిచూసేవాడు.

అదే మనిషి భిలాయ్‌లోని సుపేలా బజారులో ఒక బట్టల కొట్టులోకి వెళ్లి బయటికొస్తే, వచ్చిన దారికి ఎదురుదారి పట్టేవాడు. షాపుకి రోజూ వచ్చే గేటు కాక వెనక గేటు నుంచి బయటపడితే ఇల్లు ఎటో తెలిసేది కాదు. వెంట ఉన్న హెల్పర్ కుర్రాడు చెయ్యి పట్టుకుని, "బాబాయ్, అటు కాదు, ఇటు" అనేవాడు. షాపులో కొందరు నవ్వేవారు. "ఇంత డ్రాయింగు చదువుతావు, ఇంటి దారి చదవలేవా?" అనేవారు. అలవాటైన దారిని ఆయన వరసగా గుర్తుపెట్టుకున్నాడు. గుడి దగ్గర కుడికి, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎడమకి, ఆ తర్వాత టీ కొట్టు. రోడ్డు తవ్వి, ఒకరోజు ఆ వరస తెగితే చాలు, ఇక ఆయనకు ఊరంతా కొత్తే.

శ్రోతలారా, మీ ఇంట్లోనో మీ వీధిలోనో ఇలాంటి మనిషి ఉండే ఉంటారు. లెక్కల్లో, జామెట్రీలో దిట్ట. బీరువా ఏ మెట్ల మలుపులో ఎలా వాల్చితే పడుతుందో చూడగానే చెప్పగలరు. ముగ్గు చుక్కలు చూస్తే చాలు, పూర్తయిన ముగ్గు కళ్లకు కడుతుంది. కానీ పెళ్లి మండపంలో చేతులు కడుక్కోవడానికి వెళ్లి తిరిగి తమ వరసకు రాలేరు. అలాంటివారిని చూసి మనం ఆశ్చర్యపోతాం. ఒక్కోసారి, అది వేషం అనుకుంటాం.

వేషం కాదు. ఈ రెండూ వేర్వేరు శక్తులు. ఈ ప్రసంగంలో మీరు ఒక్క మాటే గుర్తుపెట్టుకోవాలంటే ఇది గుర్తుపెట్టుకోండి. వస్తువును మనసులో తిప్పడం వేరు, ఊళ్లో మనం తిరగడం వేరు.

ఎందుకు వేరో చూద్దాం. మార్కర్ ప్లేటు ముందు నిలబడ్డాడు. ఆయన కదలడు, వస్తువు కదులుతుంది. వస్తువు మొత్తం ఆయన ఎదుటే ఉంది, ఆయన దాని బయట ఉన్నాడు. ఇక బజారు. అక్కడ ఊరు కదలదు, మనిషి కదులుతాడు. ఊరు మొత్తం ఒక్కసారిగా కనిపించదు. ఈ మలుపు కనిపించినప్పుడు ఆ మలుపు కనిపించదు. మనిషి ఊరి లోపల ఉన్నాడు. అడుగడుక్కీ ఆయన ముఖం తిరిగిన దిక్కు మారుతోంది. ఆ మార్పునంతా లోపల ఎవరో లెక్క కడుతూ ఉండాలి. ఆ లెక్క గట్టిగా సాగేవారికి దారి తెలుస్తుంది. బలహీనంగా సాగేవారికి తెలియదు.

1971లో అమెరికాలో రోజర్ షెపర్డ్, జాక్వెలిన్ మెట్జ్లర్ అని ఇద్దరు మొదటి శక్తిని కొలిచారు. దిమ్మెలతో పేర్చిన రెండు ఆకారాల బొమ్మలు చూపించి, ఈ రెండూ ఒకటేనా, కాదా అని అడిగారు. ఒక బొమ్మ ఎంత ఎక్కువ తిరిగి ఉంటే జవాబుకి అంత ఎక్కువ సమయం పట్టింది. అంటే మనం మనసులో నిజంగానే వస్తువును తిప్పుతున్నట్టు! ఈ పనిలో మెదడు పైభాగాన, వెనకవైపున్న పెరైటల్ భాగానికి పెద్ద పాత్ర ఉంది.

విచిత్రంగా, రెండో శక్తి జాడ మొదట దొరికింది కూడా 1971లోనే. లండన్‌లో జాన్ ఓకీఫ్ అనే శాస్త్రవేత్త ఎలుక మెదడులో హిప్పోకాంపస్ అనే భాగాన్ని పరిశీలించాడు. ఎలుక గదిలో ఒకానొక చోటికి వచ్చినప్పుడు మాత్రమే చురుగ్గా పలికే కణాలు అక్కడ దొరికాయి. తల ఏ దిక్కుకు తిరిగి ఉందో చెప్పే కణాలు తర్వాత బయటపడ్డాయి. 2005లో నార్వేలో మోజర్ దంపతులు దూరాన్ని, చోటును గళ్లలా కొలిచే కణాలను కనుగొన్నారు. ఓకీఫ్‌కీ, మోజర్ దంపతులకూ 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. చూడండి, వస్తువును తిప్పే పనికి ముఖ్యమైన భాగం ఒకటి, మనం ఎక్కడున్నామో చెప్పేది మరొకటి.

పూర్తిగా సంబంధం లేదని మాత్రం నేను అనను. కొంత సంబంధం ఉంది. కాలిఫోర్నియాలో మేరీ హెగార్టీ బృందం దీన్ని పరీక్షించి 2006లో ప్రచురించింది. కొత్త చోటును కొందరు వీడియోలో చూసి నేర్చుకున్నారు, కంప్యూటర్ తెర మీద నేర్చుకున్నారు, నిజంగా నడిచి కూడా నేర్చుకున్నారు. బొమ్మల పరీక్షల్లో మంచి మార్కులు వచ్చినవారు తెర మీద చూసి బాగా నేర్చుకున్నారు. కానీ కాళ్లతో నడిచి నేర్చుకునే దగ్గర ఆ మార్కులు అంతగా అక్కరకు రాలేదు. అక్కడ అక్కరకు వచ్చింది వేరొకటి. "నీకు దారి జ్ఞానం ఎలా ఉంటుంది?" అని సూటిగా అడిగితే మనిషి తన గురించి తాను చెప్పుకున్న జవాబు అది. నాకు దారి తెలియదండీ అని ఎవరైనా అంటే, నమ్మండి. చాలావరకు అది నిజమే.

ఇప్పుడు భిలాయ్ సంగతికి వద్దాం. రాత్రిపూట కొత్త ఊళ్లో రైలు దిగినవాళ్లకు ఒక అనుభవం ఉంటుంది. తెల్లారి సూర్యుడు పడమర పొడిచినట్టు అనిపిస్తుంది. "ఈ ఊళ్లో నాకు దిక్కులు తిరిగిపోయాయి" అంటారు. పవర్ హౌస్ స్టేషన్‌లో చీకట్లో దిగి, నిద్రమత్తులో రిక్షా ఎక్కి చుట్టాల ఇంటికి చేరిన మనవాళ్లు ఎందరో ఈ మాట అంటే విన్నాను. ఏళ్లు గడిచినా కొందరికి ఆ తిరుగుడు పోదు. రాయ్‌పూర్ తూర్పున ఉందని తెలుసు, కానీ మనసు పడమర అంటుంది. ఇది మన ఊహ కాదు. తెలివితేటల పరీక్షలకు ఆద్యుడైన ఫ్రెంచి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ బినే 1894లోనే ఈ దిక్కుల తిరుగుడు గురించి వ్యాసం రాశాడు. మొదట మనసు ఒక దిక్కును పట్టుకుంటే, దాన్ని వదిలించడం కష్టం.

ఇంకో కారణం కూడా ఉంది. భిలాయ్ సెక్టార్లు చూసినవారికి తెలుసు. ఒకేలాంటి వీధులు, ఒకేలాంటి క్వార్టర్లు. పేర్లు లేవు, నంబర్లు. వీధి ఇంత, క్వార్టర్ ఇంత. వీధులు చాలాచోట్ల తిన్నగా పోయి లంబకోణంలో మలుపు తిరుగుతాయి. చిరునామా చేతిలో ఉంటే ఇల్లు దొరకడం సులువు. కానీ అలాంటి చోట పెరిగిన పిల్లలకు దారి వెతుక్కునే అవసరం తక్కువ. 2022లో నేచర్ పత్రికలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. 38 దేశాల్లో సుమారు నాలుగు లక్షల మంది ఒక ఫోన్ ఆట ద్వారా అందులో పాల్గొన్నారు. పల్లెల్లో పెరిగినవారు, వంకరటింకర వీధుల్లో పెరిగినవారు కొత్తచోట దారి బాగా కనుక్కున్నారు. గళ్లు గీసినట్టున్న నగరాల్లో పెరిగినవారు అంత బాగా కనుక్కోలేదు. ఆ మాట భిలాయ్ కోసం అన్నది కాదు. కానీ సెక్టార్లో పుట్టిన మనవడికీ, పలాస దగ్గర పల్లెలో పెరిగిన తాతకీ ఉన్న తేడా చూసినప్పుడల్లా నాకు ఆ అధ్యయనం గుర్తొస్తుంది.

ఆ తాతలు ఎలా మాట్లాడేవారో గుర్తుందా? "కాస్త తూర్పుకి జరగమ్మా." "ఆ చెంబు ఉత్తరం గోడ పక్కన పెట్టు." ఇంట్లో ఏ గదిలో ఉన్నా దిక్కు తెలిసే ఉండాలి. తెలియకపోతే మాట అర్థం కాదు. ఆస్ట్రేలియాలో గూగు యిమిథిర్ అనే ఆదివాసీ భాష మాట్లాడేవారు కూడా ఇలాగే కుడిఎడమలకు బదులు దిక్కులు వాడతారని, ఎక్కడున్నా దిక్కు చెప్పగలరని పరిశోధకులు రాశారు. మాట్లాడే తీరు లోపలి లెక్కను ఆగనివ్వదన్నమాట. మన పల్లెల్లో ఆ అలవాటు ఇంకా చావలేదు. దాన్ని పోగొట్టుకోవద్దని నా మనవి.

మరి దారి తెలియనివాళ్లు ఏం చేయాలి? ఇది బాగుపడుతుందా? కొంతవరకు బాగుపడుతుంది. లండన్‌లో టాక్సీ నడపాలంటే వేలాది వీధులు కంఠతా పట్టాలి. ఏళ్ల తరబడి చదివి ఆ పరీక్ష నెగ్గినవారి మెదడులో, హిప్పోకాంపస్ వెనక భాగం పెరిగిందని 2011లో ఎలినార్ మగ్వైర్, ఆమె సహచరి చూపించారు. నడిచి నేర్చుకుంటే ఆ శక్తికి కొత్త బలం వస్తుంది.

జాముల్‌లో ఉన్నవారికి నేను చెప్పే మొదటి మాట, రైలు పట్టాలను మనసులో పట్టుకోండి. పట్టాలు తూర్పు పడమరలుగా పోతాయి. పడమరకి దుర్గ్, దాని అవతల శివనాథ్ నది. తూర్పుకి చరోదా, ఆ తర్వాత ఖారూన్ నది, రాయ్‌పూర్. మీరు జాముల్‌లో ఉంటే పట్టాలు దక్షిణాన ఉన్నాయి. ఉక్కు కర్మాగారం చిమ్నీలు కూడా దక్షిణాన ఉన్నాయి. ఆ చిమ్నీలను ఎదురుగా చూస్తూ నిలబడితే మీ ఎడమ చేతివైపు రాయ్‌పూర్, కుడి చేతివైపు దుర్గ్. మళ్లీ చెబుతున్నాను. జాముల్‌లో చిమ్నీలకు ఎదురుగా నిలబడితే ఎడమకి రాయ్‌పూర్, కుడికి దుర్గ్. ఏ సందులో ఉన్నా ఇది మారదు. మీది వేరే ఊరైతే, మీ ఊరికి ఒక పట్టాల వరసో, ఒక ఏరో, ఒక కొండో ఉంటుంది. దాన్ని పట్టుకోండి.

ఇంకోటి. వెళ్లేటప్పుడు ఆగి వెనక్కి తిరిగి చూడండి. ప్రతి మలుపు దగ్గరా ఒక్కసారి. తిరుగు ప్రయాణంలో మనకు కనిపించేది ఆ వెనకవైపే. వెళ్లేటప్పుడు దాన్ని చూడనివాడికి రోడ్డు కొత్తగానే కనిపిస్తుంది. నేను చెప్పిన మార్కర్‌కి ఇది నేర్పినవాడు ఆ హెల్పర్ కుర్రాడే. మలుపు దగ్గర ఆపి, "బాబాయ్, ఇప్పుడు వెనక్కి చూడు, ఇంటికెళ్లేటప్పుడు ఇలా కనిపిస్తుంది" అనేవాడు. సుపేలా దారి ఆయనకు అలా పట్టుబడింది.

ఫోన్‌లో మ్యాపు ఉంది కదా అనొచ్చు. వాడండి. కానీ బయల్దేరే ముందు ఒకసారి ఉత్తరం పైన పెట్టి మొత్తం చూడండి. తర్వాత జేబులో పెట్టి నడవండి. ఫోన్ చెప్పినట్టల్లా తిరగడం బాగా అలవాటైనవారిలో, సొంతంగా దారి కనుక్కునే జ్ఞాపకం బలహీనపడిందని కెనడాలో చేసి 2020లో ప్రచురించిన ఒక అధ్యయనం చెప్పింది.

ఫ్యాక్టరీల్లో పనిచేసేవారికి ఇది ప్రాణానికి సంబంధించిన మాట కూడా. గ్యాసు ఉన్న చోట, అలారం మోగినప్పుడు బయటికి ఎటు పోవాలో ఆలోచించే వ్యవధి ఉండదు. దారి జ్ఞానం తక్కువని తెలిసిన మనిషిని షాపు సూపర్‌వైజరు మొదటి వారంలోనే వెంటబెట్టుకుని, ఆ దారిన రెండు వైపులా నడిపించాలి. వెళ్లడం ఒకసారి, రావడం ఒకసారి. గాలి ఎటు వీస్తోందో చెప్పే గుడ్డ గొట్టం ఎక్కడుందో చూపించాలి. నడిపించకుండా మ్యాపు గోడకి అంటించి ఊరుకోవడం చాలదు. ఎందుకో మీకు ఇప్పుడు తెలుసు. బొమ్మ చదవడం వేరు, దారి నడవడం వేరు.

ఒక జాగ్రత్త. పుట్టినప్పటి నుంచీ దారి తెలియనివారి సంగతి ఒకటి. 2009లో కెనడాలో జుసెప్పే ఇయారియా, ఆయన సహచరులు అలాంటి ఒక మహిళ గురించి రాశారు. మెదడుకు దెబ్బ లేదు, తెలివికి లోటు లేదు, అయినా తెలిసిన చోట్లలో కూడా దారి తప్పేది. కానీ ఎన్నేళ్లుగానో చక్కగా తిరిగిన పెద్దాయన ఒకరోజు సొంత వీధిలో తికమకపడితే, అది వేరే సంగతి. అది మతిమరుపు జబ్బుకి తొలి గుర్తు కావొచ్చు. వయసు మీద పడిందిలే అని సరిపెట్టుకోకుండా డాక్టరుకి చూపించండి.

అమ్మానాన్నలకు ఒక మనవి. దారి తప్పే పిల్లను చూసి, దీనికి ఇంజనీరింగ్ ఏం అబ్బుతుంది అనకండి. అదే నోటితో, జామెట్రీలో నూటికి నూరు తెచ్చుకున్న పిల్లవాణ్ణి, దుర్గ్ స్టేషన్‌లో దారి తెలియలేదని చుట్టాల ముందు చిన్నబుచ్చకండి. ఈసారి బజారు నుంచి ఇంటికొచ్చేటప్పుడు, పిల్లల్ని ముందు నడవనివ్వండి. మీరు వెనక నడవండి. తప్పు మలుపు తిరిగితే తిరగనివ్వండి. కాస్త దూరం పోయాక, "మన ఇల్లు ఇప్పుడు ఏ దిక్కున ఉంది?" అని అడగండి. జవాబు తప్పయినా నవ్వకండి.